సరంగు ఒంట్లో సముద్రం

పోయిన వారం కాసులమ్మని చాలా ఇబ్బందికరమైన చోట వదిలేశాం. వలకి కట్టే సీసపు గుళ్ళ కోసం మంచం కింది డబ్బా లాగి మూత తీస్తే, నల్లటి గుళ్ళ మధ్య తెల్లగా మాత్రలు కనిపించాయామెకి. రోజూ పొద్దున్నే తన చేత్తో మొగుడి అరచేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, గుటక వేసేదాకా ఎదురుగా నిలబడి మరీ మింగించాననుకున్న రక్తపోటు మాత్రలు. ఆమె అలా డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉండగా వారం గడిచిపోయింది. ఇంకా కూర్చోబెడితే పాపం తగులుతుంది గానీ, ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం ముందు రోజు సంగతి ఒక్క ముక్క చెప్పాలి.

కాసులమ్మ మొగుడు నూకాలు, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మరబోటు సరంగు. సరంగంటే బోటు నడిపేవాడు. నీళ్ళ మీదికి వెళ్ళాక ఓనరు మాట కన్నా ఆయన మాటే చెల్లుతుంది. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఏటా సర్కారు వేట ఆపేస్తుంది కదా, ఆ రెండు నెలలూ మగాళ్ళంతా ఒడ్డున వలలు కుట్టుకుంటూ, పేకాడుకుంటూ, తింటూ, పడుకుంటూ గడుపుతారు. ఒళ్ళు రాక చస్తుందా? అందుకని వీళ్ళ బోటులో ఒక ఆనవాయితీ పుట్టింది. నిషేధం ముగిసే రోజు సాయంత్రం, చేపలు తూచే పెద్ద కాటా మీద ఒక్కొక్కరే ఎక్కుతారు. ఈ రెండు నెలల్లో ఎవడు ఎక్కువ బరువు పెరిగితే వాడి మెడలో బంతిపూల దండ పడుతుంది. వాడి పొట్ట నిండినట్టే బోటు పొట్టా నిండుతుందని వాళ్ళ నమ్మకం. కొత్త వేటలో మొదటి వల వాడి చేత్తోనే దింపిస్తారు.

నిన్న నూకాలు ఎక్కితే కాటా మీద అంకెలు ఆగనంటూ పరిగెత్తాయి. తొమ్మిది కిలోలు పెరిగాడు. ఆ బోటు మొదటిసారి నీళ్ళలోకి దిగిన నాటి నుంచీ ఇంత ఒళ్ళు తెచ్చుకున్న మొనగాడు లేడని ఈలలు వేశారు, టపాకాయలు పేల్చారు. కాసులమ్మ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇవాళ బోటు బయల్దేరే రోజు. మధ్యాహ్నం గంగమ్మ పూజ, సాయంత్రం ప్రయాణం. ఆ హడావుడిలోనే ఆమె గుళ్ళ డబ్బా తీసింది.

నూకాలు ఇంటి ముందు రేకుల పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య ఆయన కాపురం ఆ కుర్చీలోనే. రాత్రి నిద్ర కూడా అందులోనే. మంచం మీద వాలమంటే ఉక్క అంటాడు. వైజాగులో జూన్ నెల ఉక్క సంగతి ఎవరికి తెలియదు గనక, కాసులమ్మ కూడా నమ్మింది.

ఆమె డబ్బా తెచ్చి ఆయన కాళ్ళ ముందు బోర్లించింది. గుళ్ళు పంచంతా దొర్లిపోయాయి. మాత్రలు పడినచోటే పడి ఉన్నాయి.

"ఇయ్యేటి మావా?"

నూకాలు అబద్ధం రాని మనిషేం కాదు. ఏ నీళ్ళలో చేప పడిందో పక్క బోటువాడికి ఏనాడూ నిజం చెప్పి ఎరగడు. కానీ ఆ విద్య ఇంట్లో పనిచెయ్యదని పెళ్ళైన కొత్తలోనే తెలుసుకున్నాడు.

"మాత్రలు" అన్నాడు.

"మాత్రలని నాకూ తెల్సు. నీ కడుపులో ఉండాల్సినివి గుళ్ళ డబ్బాలో ఏటి సేత్తన్నాయి?"

"ఏల్ల మజ్జిన నొక్కీసి, ఉత్తి నీల్లు తాగీసీవోణ్ణి. నువ్వటెల్లగానే డబ్బాలో ఏసీవోణ్ణి."

"ఎన్నాల్లనుంచి?"

"మూడు వారాలవుతాదేమో."

మూడు వారాలు తన కళ్ళెదుట, తను చూస్తూండగా. కాసులమ్మకి కోపం కన్నా ముందు అవమానం కలిగింది. రోజూ బజారులో చేపలు కొని అమ్ముతూ ఎవరి చేతిలోనూ మోసపోని మనిషి. ఇంట్లో ఒక చెంబెడు నీళ్ళతో మోసపోయింది.

"ఎందుకు సేసినావిలగ? సచ్చిపోవాలనుందేటి?"

"సచ్చిపోకూడదనే సేసినాను" అన్నాడు నూకాలు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఆ మాత్రే నా ఒల్లు పెంచీసింది కాసులూ. డాట్రమ్మ మొదట్లోనే అంది గదా, ఈ మందుకి కొంతమందికి బరువు పెరుగుతాదీ అని. నువ్వూ పక్కనే ఉన్నావు."

ఉంది. విన్నది కూడా. వన్ టౌన్‌లో డాక్టరు ఇంద్రజ ఆ మాత్ర రాసిన రోజు ఆ మాట అన్నది నిజమే. "అలా అనిపిస్తే నా దగ్గరికి రండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి" అని కూడా అన్నది. డాక్టరు రెండు మాటలు చెబితే తనకి పనికొచ్చే ఒక్క మాట మూట కట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు మన ఇళ్ళలోనూ ఉన్నారు, నూకాల్ని ఒక్కణ్ణే అని లాభం లేదు.

"మొన్న ఇంజను గదిలోకి దిగుదామని మూత ఎత్తినాను" అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "నడుం కాడ పట్టీసింది. కిందికి ఎల్లలేను, పైకి రాలేను. నీ తమ్ముడు గణేషూ ఇంకొకడూ రెక్కలట్టుకు లాగినారు. ఆల్లు నవ్వినారు. నానూ నవ్వాను. రాత్రి కూకుని ఆలోసిత్తే నవ్వు రానేదు. సముద్రం మజ్జిన ఇంజను ఆగిపోయి సరంగు దిగలేకపోతే ఏటవుతాది? ఎనిమిది మందిమి ఉంటాం."

కాసులమ్మ కోపం అక్కడే సగం చచ్చిపోయింది. మొగుడు మొండివాడనుకుంది గానీ భయపడ్డాడనుకోలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నోట భయం మాట వినడం ఇదే మొదలు.

"పోనీ, మానీసినాక తగ్గినావేటి?"

నూకాలు తల అడ్డంగా ఊపాడు. "మానీసినాకే మరీ పెరిగినాను. తిండి కూడా సయించట్నేదు. ఏటి తిని పెరుగుతన్నానో నాకే తెల్దు."

ఆమె గుళ్ళు ఏరడానికి కిందికి వంగింది. అప్పుడు చూసింది ఆయన కాళ్ళు. చీలమండ ఎముక ఎక్కడుందో కనపడటం లేదు. పాదం మీద చర్మం నున్నగా మెరుస్తోంది. ఏ ఆలోచనా లేకుండా, చెయ్యి అలవాటుగా చేసే పనే చేసింది. బొటనవేలితో ఆయన కాలి ఎముక మీద నొక్కి వదిలింది.

అక్కడ గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

కాసులమ్మ పొద్దున లేస్తే చేసే పని ఇదే. బుట్ట ముందు కూర్చుని చేపని బొటనవేలితో నొక్కి చూస్తుంది. తాజా చేపైతే నొక్కినచోటు వేలు తియ్యగానే పైకి లేస్తుంది. పాడైన చేపకి గుంట గుంటలాగే ఉండిపోతుంది. అలా గుంట పడ్డ చేపల్ని ఎన్ని బుట్టలు వెనక్కి తోసేసిందో, ఎంతమందిని దులిపేసిందో ఆమెకే గుర్తు లేదు. ఇప్పుడు ఆ గుంట మొగుడి కాలి మీద ఉంది. లేస్తుందేమోనని చూసింది. రెండో కాలు నొక్కింది. అక్కడా అంతే. ఆమె వేలి ముద్రలు రెండూ ఆయన ఒంటి మీద ఉండిపోయాయి.

"లెగు" అంది.

"ఏటయింది?"

"డాట్రమ్మ కాడికి. బేగి లెగు."

"ఇయ్యాల బోటు ఎల్తాదే."

"బోటు సాయంత్రం. నువ్వు ఇప్పుడు లెగు."

గుంట గురించి ఆయనకి చెప్పలేదు. కింద పడ్డ మాత్రలన్నీ ఏరి కొంగున ముడేసుకుంది.

*

వన్ టౌన్ సందుల్లో ఆటో నడవడం కన్నా ఆగడమే ఎక్కువ. హోల్‌సేల్ కొట్ల ముందు బస్తాలు దింపుతున్నారు. ఆటోవాడు హారను కొడుతూ, తిడుతూ, మొత్తానికి డాక్టరు ఇంద్రజ చిన్న ఆస్పత్రి ముందు దింపాడు. మేడ మీదికి మెట్లున్నాయి. ఊగే బోటు మీద ఏదీ పట్టుకోకుండా నడిచే మనిషి, ఆ మెట్ల మధ్యలో రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. కాసులమ్మ వెనక నుంచి చూసింది.

డాక్టరు ఇంద్రజ చిన్న వయసు మనిషి, మాట మెత్తన. నూకాలు మెడ పక్కన ఉబ్బిన నరం చూసింది, వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత వంగి, బొటనవేలితో ఆయన కాలి ఎముక మీద నొక్కింది.

కాసులమ్మ ఉలిక్కిపడింది.

"మీరూ అలగే సూత్తారేటి డాట్రమ్మా?"

"ఎలా అమ్మా?"

"నొక్కి. మేం సేపని అలగే సూత్తాం. గుంట ఉండిపోతే..." పంచలో ఆపుకున్న ఏడుపు ఇక్కడ, కొత్తచోట, ఆగలేదు. "గుంట ఉండిపోతే ఆ సేప పాడైపోయినట్టమ్మా. ఇంకెందుకూ పనికిరాదు."

ఇంద్రజ నవ్వలేదు. లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మనిషికి అలా కాదమ్మా. మనిషికి గుంట పడితే లోపల నీరు చేరిందని అర్థం. చేరిన నీటిని బయటికి పంపించొచ్చు. మీరు నొక్కి చూడబట్టే ఇవాళ వచ్చారు. అది మంచిదైంది."

కాసులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడినట్టనిపించింది.

తర్వాత మాత్రల సంగతి బయటపడింది, వాటిని వెంట తెచ్చానని కూడా కాసులమ్మ చెప్పింది. ఇంద్రజ మొహంలో కోపం కనిపించింది గానీ మాటలో రానివ్వలేదు. "బరువు పెరగొచ్చని చెప్పింది నేనే. కాదనను. కానీ ఆ మాత్రతో పెరిగేది ఒక కిలో, మహా అయితే రెండు. అదీ కొందరికే, మెల్లగా. మీరు మాత్ర ఆపాక ఇంకా ఎక్కువ పెరిగారంటే అది మాత్ర పని కాదు నూకాలు గారూ, కొవ్వూ కాదు. నీరు. ఈ రెండు నెలలూ ఏం తిన్నారు?"

"ఏటుంటాదమ్మా, ఏట నేదు గదా. ఎండు సేపలే."

"రోజూనా?"

"రెండు పూటలా" అంది కాసులమ్మ. గర్వంగా చెప్పబోయిన మాట మధ్యలోనే చల్లబడింది. ఉప్పులో ఊరి ఎండిన చేపలు. ఆయనకిష్టమని వేపుడూ పులుసూ మార్చి మార్చి వండింది తనే.

మాత్ర లేక రక్తపోటు పెరిగింది, ఉప్పు నీటిని ఒంట్లో పట్టి ఉంచింది, ఆ బరువంతా తోడలేక గుండె అలిసిపోతోంది అని ఇంద్రజ విడమరిచి చెప్పింది. నూకాలు శ్రద్ధగా విన్నాడు.

"అంటే డాట్రమ్మా, రెండు నెల్లు నాను సముద్రంలోకి ఎల్లకపోతే, సముద్రమే నా ఒంట్లోకొచ్చీసిందన్నమాట."

ఇంద్రజకి నవ్వాగలేదు. "దాదాపు అంతే. రండి, మీ గుండెని ఒకసారి చూద్దాం."

*

పక్క గదిలో దీపాలు తగ్గించారు. నూకాల్ని ఎడమ పక్కకి ఒత్తిగిల్లి పడుకోమన్నారు. తల కింద ఎత్తు పెడితే గానీ ఆయన పడుకోలేకపోయాడు. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, ఇంద్రజ చేతిలోని చిన్న పరికరం ఆనించింది. గోడ పక్కన తెర వెలిగింది.

కాసులమ్మకి గుండె అంటే ఫోనులో మనవరాలు పంపే ఎర్రబొమ్మ. తెర మీద ఎరుపు లేదు. చీకట్లో బూడిద రంగు పొగలాంటిది కదులుతోంది. ముందు ఏమీ అర్థం కాలేదు. కాసేపు చూడగా చూడగా ఆ పొగలోంచి గోడలు కనిపించాయి. గోడల మధ్య గదులు. గదుల మధ్య సన్నటి రెక్కలు రెండు, తెరుచుకుంటూ, మూసుకుంటూ, మళ్ళీ తెరుచుకుంటూ.

నూకాలు తల తిప్పి తెర వంక చూశాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది మా బోటులో మిషనే గదమ్మా."

"ఏ మిషను?"

"నీటి కిందకి సప్పుడు పంపుతాది. అది ఎనక్కొచ్చి, కింద రాయుందో, సేప గుంపుందో తెర మీద సూపిత్తాది. అచ్చం ఇలగే ఉంటాది."

"ఇదీ అదే. శబ్దం లోపలికి వెళ్ళి తిరిగొస్తుంది" అంది ఇంద్రజ. ఆమెకి కూడా ఆశ్చర్యమేసినట్టుంది.

ఇన్నేళ్ళూ బోటులోని తెర మీద నూకాలు పరాయి లోతులే చూశాడు. తన లోపల కూడా ఒక లోతుందనీ, అందులో ఇంత పని జరుగుతోందనీ ఎవరు చెప్పారు ఆయనకి?

"ఆ రెక్కలేటమ్మా?"

"కవాటాలు. తలుపులు. రక్తం ముందుకి వెళ్ళాక వెనక్కి రాకుండా మూసుకుంటాయి."

"ఎప్పుడాగుతాయి?"

"ఆగవు. మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు మొదలెట్టాయి. అప్పటి నుంచి ఆగలేదు."

"తొంగున్నప్పుడూ?"

"అప్పుడూ."

"తాగి పడిపోయినప్పుడూ?"

"అప్పుడు ఇంకొంచెం ఎక్కువ కష్టపడ్డాయి."

నూకాలు మళ్ళీ తెర వంక తిరిగాడు. తుఫానులో బోటు విరుగుతుందనుకున్న రోజు, అమ్మ పోయిన రోజు, కూతురు పుట్టిన రోజు, ఏమీ జరగని ఎన్నో రోజులు. ప్రతి రోజూ ఆ రెండు రెక్కలూ ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయి. ఆయన కోసం. ఆయన ఒక్కడి కోసం.

ఇంద్రజ ఏదో మీట నొక్కింది. గదిలో చప్పుడు వినిపించింది. ఉస్సు, ఉస్సు, ఉస్సు. రక్తం పరిగెత్తే చప్పుడు. కాసులమ్మకి తెలియకుండానే రెండు చేతులూ జోడించుకున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆ ఛాతీ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. కొట్లాడినప్పుడు అదే ఛాతీ మీద గుద్దింది కూడా. లోపల ఇదుందని ఆమెకి తెలియదు. గుడిలో కూడా ఆమె ఇంత నిజంగా దణ్ణం పెట్టలేదేమో.

"నిషేధం నేదన్నమాట దీనికి" అన్నాడు నూకాలు మెల్లిగా. "ఏడాదికి రెండు నెల్లు బోటింజను ఆపీసి, ఇప్పదీసి, నూనెట్టి, అరిగినియ్యి మారుత్తాం. ఇంజనంటే అంత పేనం మాకు. దీనికేటి సేసినాను నాను? ఇచ్చిన ఒక్క మాత్ర కూడా డబ్బాలో ఏసీసినాను."

ఆయన కంటి చివర నుంచి నీరు జారి చెవి పక్కకి దిగింది. తుడుచుకోలేదు.

ఇంద్రజ తెర మీద గీతలు గీసి కొలిచింది. కొలిచినకొద్దీ ఆమె మాట తగ్గింది. కాసులమ్మ తెర చూడటం మానేసి ఆమె మొహం చూడటం మొదలెట్టింది.

"గుండె తోడే బలం తగ్గింది" అంది ఇంద్రజ చివరికి. "ఉండాల్సిన దాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంది. ఇవాళే చేరాలి. నీరు తీసే ఇంజెక్షన్ ఇస్తాను. మాత్రలు మారుస్తాను. ఉప్పు తగ్గించి, మందులు సరిగా వేసుకుంటే చాలామందికి బలం తిరిగొస్తుంది. మీరు నాకు అబద్ధం చెప్పకపోతే."

"మరి బోటు?" అన్నాడు నూకాలు.

"ఈసారి కాదు. నీళ్ళ మధ్యలో ఊపిరందకపోతే అక్కడ నేనుండను."

కాసులమ్మ కొంగు నడుముకి బిగించింది. ఆమె పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న యుద్ధమంతా ఈ నిమిషం కోసమే. ఏడుద్దామనుకుంది, తిడదామనుకుంది, అవసరమైతే తలుపుకి అడ్డంగా కూర్చుందామనుకుంది.

నూకాలు తెర వంక ఇంకోసారి చూశాడు. రెక్కలు తెరుచుకున్నాయి. మూసుకున్నాయి.

"సరే" అన్నాడు.

అంతే. కాసులమ్మ బిగించిన కొంగు వదిలేసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

నూకాలే ఫోను అడిగి తీసుకుని గణేష్‌తో మాట్లాడాడు. గణేష్ కాసులమ్మకి ఒక్కడే తమ్ముడు. పదేళ్ళుగా బావ పక్కన నిలబడి చుక్కాని పట్టడం నేర్చుకున్నవాడు. "గణేషూ, నాను రాను. డాట్రమ్మ వొద్దంతంది. ఈ పాలి బోటు నువ్వే తీసుకెల్లు. నువ్వే సరంగువి" అన్నాడు. అవతల గణేష్ ఏదో అన్నాడు, నూకాలు నవ్వాడు. కాసులమ్మకి ఆ నవ్వు విన్నాక కడుపు నిండింది. మొగుడు దక్కాడు, తమ్ముడు సరంగయ్యాడు. గంగమ్మ ఒకే రోజు రెండు వరాలిచ్చిందనుకుంది.

*

ఇంజెక్షన్ పని మొదలుపెట్టాక నూకాలు బాత్రూముకీ మంచానికీ మధ్య తిరగడంతోనే మధ్యాహ్నం గడిచిపోయింది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ "ఇంత నీరు ఎక్కడుందే" అని ఆశ్చర్యపోయాడు. సాయంత్రానికి మంచం మీద వెనక్కి వాలగలిగాడు. అలా వాలి చాలా రోజులైంది.

ఆ గది కిటికీలోంచి కొట్ల పైకప్పుల మీదుగా నీళ్ళు కనిపిస్తాయి. హార్బరు నుంచి బయటికి పోయే దారి, ఆ పక్కన కొండ. పొద్దు వాలుతుండగా బోట్లు బయల్దేరాయి. ఒకటి వెనక ఒకటి, ముందు కొమ్ముకి మామిడాకులూ పూలూ కట్టుకుని, హారన్లు మోగించుకుంటూ. పాత ఊరి మేడలన్నిటి మీదా జనం నిలబడి చూస్తున్నారు.

నూకాలు లేచి కూర్చున్నాడు. పాతికేళ్ళుగా ఆ వరసలో తనూ ఉన్నాడు. లోపల ఉన్నవాడికి ముందు బోటు వెనక భాగమే కనిపిస్తుంది. ఒడ్డు మీద నుంచి ఎలా ఉంటుందో ఆయన ఏనాడూ చూడలేదు.

"ఇలగుంటాదేటి కాసులూ?"

"ఏటా సూత్తన్నాను నాను" అంది ఆమె. "ఏటా ఇలగే ఉంటాది. నువ్వు కనపడకుండా పోయినదాకా నిలబడతాను."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళకి, ఇంకా వెలుతురుండగానే, నర్సు అటూ ఇటూ తిరుగుతుండగా. కాసులమ్మ సిగ్గుపడి లాక్కోబోయి ఊరుకుంది. వాళ్ళ బోటు ఆకుపచ్చ రంగు కనిపించింది. మలుపు దగ్గర గణేష్ పొడుగ్గా హారను మోగించాడు. అది తమ కోసమేనని ఇద్దరికీ తెలిసింది.

చీకటి పడే వేళకి ఇంద్రజ వచ్చింది. నాడి చూసింది, కాలు నొక్కింది. గుంట పొద్దుటంత లోతుగా లేదు. "మీరు ఆపేసిన మాత్రలేవి? తెచ్చానన్నారు కదా" అంది.

కాసులమ్మ కొంగు ముడి విప్పి ఆమె చేతిలో పోసింది. ఇంద్రజ చూసి కనుబొమలు ముడిచింది.

"మూడు వారాలన్నారు. ఇవి వారానికి కూడా లేవే. మధ్యలో వేసుకున్నారా?"

"నేదమ్మా" అన్నాడు నూకాలు. దొరికిపోయినట్టు నవ్వాడు. "మిగిల్నియ్యి గణేష్‌కిచ్చాను."

"ఎందుకు?"

"ఎంత తిన్నా ఆడికి ఒల్లు రాదు. ఏటా కాటా మీద ఆణ్ణే ఏడిపిత్తారు. బావా, నీకింత బరువు తెచ్చిన మాత్ర నాకూ ఇయ్యి, వచ్చే ఏడు దండ నాదే అని కాల్లట్టుకున్నాడు. పోనీలే, పారీసీదే గదా అనీసి ఇచ్చాను. నాలుగు రోజుల్నుంచీ ఏసుకుంతన్నాడు."

కాసులమ్మ నవ్వింది. తమ్ముడి వెర్రి తమ్ముడిది. ఇంద్రజ మాత్రం నవ్వలేదు.

"గణేష్‌కి జబ్బులేమైనా ఉన్నాయా?"

"ఆడికేటమ్మా, సువ్వలాగుంటాడు" అన్నాడు నూకాలు.

"ఉబ్బసం లాంటివి?"

కాసులమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఆయాసముంది డాట్రమ్మా. సిన్నప్పట్నుంచి. గాలి మారితే పిల్లికూతలొత్తాయి. గొట్టం పీల్చుకుంటాడు, తగ్గిపోతాది."

"ఆ మాత్ర ఉబ్బసం ఉన్నవాళ్ళు వేసుకోకూడదు" అంది ఇంద్రజ. గొంతు పెంచలేదు గానీ అప్పటికే ఆమె లేచి నిలబడింది. "ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. అప్పుడు పీల్చే మందు కూడా సరిగా పనిచెయ్యకపోవచ్చు. ఫోను చెయ్యండి. ఇప్పుడే."

కాసులమ్మ రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి మోగింది. చాలాసేపు మోగాక ఎత్తాడు. ఇంజను హోరులో, అక్కని అప్పా అని పిలిచే గణేష్ గొంతు సంబరంగా వినిపించింది.

"అప్పా, ఇనిపిత్తందా? బావని... బాధపడొద్దను. బోటు... బాగెల్తంది."

ప్రతి రెండు మాటలకీ మధ్య సన్నగా ఈల. చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్న రాత్రుల నుంచి ఆ ఈల ఆమెకి తెలుసు. ఇంత దగ్గర దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

ఇంద్రజ ఫోను లాక్కుంది. "గణేష్, నేను డాక్టర్ని. మీ బావ ఇచ్చిన మాత్రలు ఎన్ని వేసుకున్నావు?"

"రోజుకొకటేనమ్మా." ఈల. దగ్గు. మళ్ళీ ఈల. "ఇయ్యాల సరంగునైనాను గదా, బలంగా ఉంటాదనీసి... ఇందాకే రెండేసుకున్నాను."

"ఇంక వెయ్యకు. బోటు వెనక్కి తిప్పు. వినపడుతోందా? వెనక్కి..."

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. ఇంకోసారి చేసినా అదే.

నూకాలు మంచం దిగి నిలబడ్డాడు, చేతికి సూది ఉన్న సంగతి మర్చిపోయి. కాసులమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. దూరంగా నల్లటి నీళ్ళ మీద బోట్ల దీపాలు వరసగా కనిపిస్తున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. పొద్దున మొగుణ్ణి ఆ బోటు ఎక్కకుండా ఆపింది తనే. ఆ మొగుడి చోట ఎక్కింది తన తమ్ముడు.